చలి లెక్కలు ఎట్ల చదవాలె? జనగామ నుంచి భూపాలపల్లి దాకా మంచు, రాళ్ల వాన, వెదర్ పోస్టుల సంగతి

డిసెంబర్ దిగిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నే ఒక లిస్టు తిరగడం మొదలవుతుంది. కోహీర్ ఇంత, సిర్పూర్ (యు) ఇంత, ఆర్లి (టి) ఇంత అని పది పన్నెండు ఊర్ల పేర్లు, పక్కన డిగ్రీలు. కింద "ఈ వారం చలి పులి" అని ఒక హెడ్డింగు. దాన్ని చూసి జనగామలో ఉన్నాయన "మా దగ్గర ఇంకా ఎక్కువుంది భాయ్" అంటాడు, మహబూబాబాద్ ఆయన ఒప్పుకోడు. చికాగోలో ఉన్న మేనల్లుడు మోకాలు లోతు మంచులో కారు తవ్వుతున్న వీడియో పెట్టి అందరి నోరు మూయిస్తాడు.

అమెరికాలో, యూరప్‌లో చలికాలం వస్తే ఏ ఊళ్లో ఎన్ని అంగుళాల మంచు పడింది, వచ్చే వారం ఎంత పడుతుంది అని లెక్కలు కట్టి వాదించుకునే వాతావరణ ప్రియులు ఉంటారు. మన దగ్గర మంచు కురవదు కాబట్టి ఆ పందెం కనిష్ఠ ఉష్ణోగ్రత మీద నడుస్తుంది. తెలంగాణ వెదర్‌మ్యాన్ పేరుతో బాలాజీ పెట్టే పోస్టుల కోసం ఎదురుచూసేవాళ్లు పల్లెల్లో కూడా తక్కువేం లేరు. మిర్చి కల్లం మీదున్న రైతుకు, మామిడి తోట గుత్తకు పట్టిన వ్యాపారికి ఇది సరదా ముచ్చట కాదు. ఆ అంకెల వెనుక ఏముందో తెలిస్తేనే వాటితో పని.

ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుంది

రాష్ట్ర ప్రణాళికాభివృద్ధి సంస్థకు తెలంగాణ అంతటా వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. మండలానికి ఒకటి, కొన్ని చోట్ల రెండు మూడు. వెదర్ పోస్టుల్లో తిరిగే లిస్టులు చాలావరకు వాటి నుంచి తీసినవే. భారత వాతావరణ శాఖ సొంత కేంద్రాలు వేరే, అవి చాలా తక్కువ. మన మూడు జిల్లాలకు దగ్గరగా చెప్పుకోదగ్గవి హన్మకొండ, ఖమ్మం, రామగుండం. అందుకే టీవీలో హన్మకొండ 14 డిగ్రీలు అని చెప్పిన రోజే మన మండలంలో 10 ఉండవచ్చు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, కొలిచిన చోటు వేరు.

ఇంకో సంగతి. ఈ ఉష్ణోగ్రతను నేల మీద కొలవరు. నీడలో, గాలి ఆడే పెట్టెలో, మనిషి ఛాతీ ఎత్తున పెట్టి కొలుస్తారు. తేటగా ఉన్న రాత్రి నేలను ఆనుకొని ఉన్న గాలి దానికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటుంది. కల్లంలో పరిచిన మిర్చికి, నారుమడిలో వరి మొలకకు తగిలే చలి లిస్టులో ఉన్న చలి కాదు, దానికన్నా ఎక్కువ.

"చలిగాలులు" అనే మాటకు కూడా ఒక కొలత ఉంది. మైదాన ప్రాంతంలో కనిష్ఠం 10 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువకు దిగాలి, ఆ రోజు మామూలుగా ఉండాల్సిన దానికన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గి ఉండాలి. రెండూ కుదిరితేనే వాతావరణ శాఖ ఆ మాట వాడుతుంది. 6.4 డిగ్రీలు దాటి తగ్గితే తీవ్రమైన చలిగాలులు. కనిష్ఠం 4 డిగ్రీలకే దిగిపోతే మిగతా లెక్క చూడకుండానే చలిగాలులు అంటారు. హైదరాబాద్‌లో ఇప్పటిదాకా రికార్డయిన అతి తక్కువ 6.1 డిగ్రీలు, అది 1946 జనవరి 8 నాటిది. ఎవరైనా "భూపాలపల్లిలో 2 డిగ్రీలు" అని ఫార్వర్డ్ చేస్తే తేదీ, స్టేషన్ పేరు అడగండి.

మంచు అంటే ఏ మంచు?

ఈ గోలలో సగం మన భాషతోనే వచ్చింది. గడ్డి మీద నీటిబొట్టు మంచే, రోడ్డు మీద తెల్లటి పొగమంచూ మంచే, కశ్మీర్‌లో కురిసేదీ మంచే. ఉర్దూ తెలిసిన ఇళ్లలో ఈ తేడా తొందరగా అర్థమవుతుంది: గడ్డి మీది బొట్టు ఓస్ లేదా షబ్నమ్, రోడ్డు మీది పొగ కోహ్రా, నేల మీద గడ్డకట్టినది పాలా, ఆకాశం నుంచి పడేది బర్ఫ్, రాళ్లలా పడేవి ఓలే. మన మూడు జిల్లాల్లో ఓస్ ప్రతి చలికాలం, కోహ్రా చాలా రోజులు, ఓలే కొన్ని సంవత్సరాలు. బర్ఫ్ మాత్రం లేదు. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగిని "ఆంధ్రా కశ్మీర్" అని పిలుస్తారు కదా, అది సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్నా అక్కడ గడ్డి మీద తెల్లగా కనిపించేది కురిసిన మంచు కాదు, గడ్డకట్టిన పాలా.

మరి మన దగ్గర ఎందుకు కురవదు? చలి చాలదు అన్నది సగం జవాబే. మంచు కురవాలంటే చలి, తేమ ఒకేసారి కలవాలి. మన దగ్గర ఈ రెండూ ఒకరి ముఖం ఒకరు చూడవు. ఉత్తరం, ఈశాన్యం నుంచి పొడిగాలి వచ్చి ఆకాశం తేటపడినప్పుడే మనకు గట్టి చలి. పగలు నేల పట్టిన వేడి రాత్రి అడ్డం లేకుండా పైకి పోతుంది. బంగాళాఖాతం నుంచి తేమ వచ్చి మబ్బు పట్టిందా, ఆ మబ్బే దుప్పటిలా వేడిని ఆపేస్తుంది, కనిష్ఠం నాలుగైదు డిగ్రీలు ఎగబాకుతుంది. "మబ్బు పడ్డది, ఇయ్యాల చలి తక్కువ" అని నానీ చెప్పే మాట ఇదే. మన మీద గాలి సున్నా డిగ్రీలకు చేరేది సుమారు నాలుగైదు కిలోమీటర్ల ఎత్తున. అక్కడ మంచు రవ్వగా పుట్టినది కూడా కిందికి వచ్చేసరికి నీళ్లే.

సరదాకు ఒక లెక్క. మంచు కరిగితే మామూలుగా దాని ఎత్తులో పదో వంతు నీళ్లు వస్తాయని చలిదేశాల్లో ఒక ఉజ్జాయింపు. 2023 జూలై చివరి వారంలో 24 గంటల్లో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వాన పడింది. పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8. అంతకు ముందు రాష్ట్ర రికార్డు 2013 జూలైలో వాజేడు పేర 517.5. చిట్యాల నీళ్లే మంచుగా కురిసి ఉంటే ఆరు మీటర్లు, అంటే రెండంతస్తుల ఇల్లు కప్పేంత. చికాగో మేనల్లుడికి ఈ లెక్క చెప్పండి. కానీ ఆ మర్నాడు మోరంచపల్లిలో వాగు ఊరి మీద పడి జనం ఇళ్ల కప్పులెక్కి హెలికాప్టర్ల కోసం చూశారు, ప్రాణాలు పోయాయి. అంకె పెద్దదైతే పందెంలో గెలిచినట్టు మాట్లాడేవాళ్లు ఆ ఊరు ఒకసారి పోయి రావాలె.

రాళ్ల వాన

మన దగ్గర నేల తెల్లబడేది రాళ్ల వానకే. 2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లిలో పొలాలు, రోడ్లు తెల్లటి దుప్పటి కప్పుకున్నట్టు అయ్యాయి. "ఇది కశ్మీర్ కాదు, మర్పల్లి" అని వీడియోలు ఊరూరా తిరిగాయి. వారం తిరిగేసరికి, మార్చి 23న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ దెబ్బతిన్న పంటలు చూడ్డానికి మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర మండలం రెడ్డికుంట తండాకు వచ్చారు. ఎకరానికి పది వేల రూపాయల సాయం ప్రకటించింది ఆ పర్యటనలోనే.

రాళ్లు పడటానికి చలికాలం అక్కర్లేదు, నిజానికి ఎండ కావాలి. నేల కాగి వేడిగాలి జోరుగా పైకి లేవాలి, బంగాళాఖాతం తేమ అందాలి, పైన చల్లటి పొడిగాలి ఉండాలి. నీటిబొట్టు ఆ జోరుకు సున్నా గీత దాటి పైకి పోయి గడ్డకడుతుంది. కింది నుంచి గాలి తోస్తున్నంతసేపు దాని మీద ఇంకో పొర, ఇంకో పొర. ఉల్లిగడ్డ కోసినట్టు రాయిని కోస్తే పొరలు కనబడేది అందుకే. గాలి మోయలేనంత బరువయ్యాక పడిపోతుంది. చిన్నవి దారిలోనే కరిగి పెద్ద చినుకులవుతాయి, పెద్దవి కరిగేంత టైం లేకుండా దిగుతాయి. ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా ఈ మూడూ కుదిరే రోజులు ఎక్కువ.

అందుకే 2022 జనవరిది వేరే కథ. సంక్రాంతి ముందు, ఎవరూ అనుకోని టైంలో, ఉమ్మడి వరంగల్‌లో రాళ్ల వాన పడింది. నర్సంపేట, పరకాల వైపు మిర్చి నేలరాలింది. ఆ ఏడు మిర్చి రైతు అప్పటికే నల్ల తామర పురుగుతో చితికి ఉన్నాడు. పురుగు వదిలేసిన కాయను రాళ్లు తీసుకుపోయాయి.

వెదర్ లిస్టుల్లో రాళ్ల వానకు "ఇంత పడింది" అనే అంకె ఉండదు, గమనించారా? వర్షమాపకం కరిగిన నీళ్లనే కొలుస్తుంది. 8 మిల్లీమీటర్లు అని చూపించిన ఊళ్లో తోట మొత్తం పోయి ఉండవచ్చు. రాళ్లు ఒక ఊరి మీద పడి పక్క ఊరిని ముట్టకపోవచ్చు, స్టేషన్ ఆ పక్క ఊళ్లో ఉంటే రికార్డులో ఏమీ జరగనట్టే. కాబట్టి పడ్డ వెంటనే, కరగక ముందే ఫోటో తీయాలి: రాయి పక్కన ఒక రూపాయి బిళ్ల, వెనుక పంట, తేదీ కనబడేలా. విపత్తు సాయం నిబంధనల్లో 33 శాతం, అంతకు మించి పంట పోతేనే లెక్కలోకి వస్తుంది. వ్యవసాయ విస్తరణ అధికారి వచ్చేసరికి నేల మీద మిగిలేది చెట్టుకు తగిలిన దెబ్బే, రాయి కాదు.

మూడు జిల్లాలు, మూడు చలులు

జనగామ సుమారు 380 మీటర్ల ఎత్తున, చెట్టు తక్కువ, గాలిలో తడి తక్కువ. అలాంటి నేల తొందరగా కాగుతుంది, తొందరగా చల్లారుతుంది. మధ్యాహ్నం చెమట, తెల్లారుజామున వణుకు. భూపాలపల్లి వైపు అడవి, గోదావరి. అక్కడ పల్లపు ఊర్లలో రాత్రి చల్లగాలి బరువుగా జారి అడుగున నిలబడిపోతుంది, వాగు పక్కన పొగమంచు ఎక్కువ. మహబూబాబాద్‌లో కొత్తగూడ, గంగారం ఏజెన్సీ మండలాలు ఒక తీరు, టౌను ఇంకో తీరు. సిమెంటు ఇళ్లు, రోడ్లు వేడిని దాచుకుంటాయి కాబట్టి టౌను నడిమధ్య ఉన్న ఇంటికి, నాలుగు కిలోమీటర్ల అవతల పొలంలో ఉన్న ఇంటికి రెండు మూడు డిగ్రీల తేడా మామూలే.

రోజులో అన్నిటికన్నా చలి ఎప్పుడు? అర్ధరాత్రి అనుకుంటారు చాలామంది. సూర్యుడు పొడిచి, వచ్చే వేడి పోయే వేడిని దాటేదాకా నేల చల్లారుతూనే ఉంటుంది. అంటే ఫజర్‌కు మసీదుకు పోయేటప్పటికన్నా, నమాజ్ అయ్యి కాసేపు కూర్చొని బయటికొచ్చినప్పుడే చలి ఎక్కువ కొడ్తది. ఆయాసం, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లు పోయేటప్పుడు ఫర్వాలేదనిపించి స్వెటర్ లేకుండా పోతారు, ఇబ్బంది తిరిగొచ్చేటప్పుడు. వుజూ నీళ్ల సంగతీ ఇదే. భూమి లోపల నీటి వేడి ఏడాది పొడవునా పెద్దగా మారదు, కాబట్టి అప్పుడే బోరు వేస్తే గోరువెచ్చగా వస్తాయి. మిద్దె మీది ట్యాంకులో రాత్రంతా నిలబడ్డ నీళ్లు ఐసులాగుంటాయి. మసీదు కమిటీవాళ్లు జనవరిలో ఫజర్‌కు పది నిమిషాల ముందు మోటరు వేసి బోరు నీళ్లు నేరుగా వదిలితే గీజరు ఖర్చు లేకుండా సగం పని అవుతుంది.

అదే టైంలో హైదరాబాద్ నుంచి జనగామ, వరంగల్ మీదుగా పోయే 163 నంబరు జాతీయ రహదారి మీద పొగమంచు. వెయ్యి మీటర్ల లోపు కనబడితే పొగమంచు, 200 లోపు దట్టం, 50 లోపు అతి దట్టం. దట్టమైన దాంట్లో హై బీమ్ వేస్తే వెలుగు తిరిగి మన కళ్లకే కొడుతుంది. లో బీమ్ వేసి మెల్లగా పోవాలె, లేకుంటే ధాబా దగ్గర ఆపి చాయ్ తాగాలె.

రాబోయే రోజుల మాట

కశ్మీర్‌లో డిసెంబర్ 21 నుంచి నలభై రోజులు చిల్లా-ఎ-కలాన్, తర్వాత ఇరవై రోజులు చిల్లా-ఎ-ఖుర్ద్, చివర పది రోజులు చిల్లా-ఎ-బచ్చా. ఈ పేర్లు మనకు కథల్లాగ అనిపిస్తాయి గానీ మన చలికి అక్కడి సంగతితో బంధం ఉంది. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడి ఒకటి అక్కడ మంచు కురిపించి వెళ్లిపోగానే, వెనకాల చల్లటి పొడిగాలి కిందికి దిగుతుంది. మధ్యప్రదేశ్, విదర్భ దాటి మన దాకా రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. శ్రీనగర్‌లో మంచు ఆగి ఆకాశం తేటపడింది అని వార్త వస్తే, మధ్యలో బంగాళాఖాతం అల్పపీడనం ఏదీ అడ్డం పడకపోతే, మన దగ్గర దుప్పట్లు తీయొచ్చు.

వారం రోజుల దాకా చెప్పే అంచనా మీద నమ్మకం పెట్టుకోవచ్చు. నెలల ముందు చెప్పేది వేరే జాతి. వాతావరణ శాఖ చలికాలం మొదట్లో ఇచ్చే ముందస్తు అంచనా అవకాశాల లెక్క మాత్రమే: ఈ సీజన్ సగటు కన్నా చల్లగా ఉండే అవకాశం ఎంత అని. పసిఫిక్ నడిమధ్య నీళ్లు చల్లబడే లా నినా ఏడాదిలో ఉత్తరాదిన చలి పెరిగే మొగ్గు ఉంటుంది. అది జనగామలో జనవరి 12న ఎన్ని డిగ్రీలో చెప్పదు. "ఈసారి వందేళ్ల చలి" అనే వీడియోకు ఈ ఒక్క మాట చాలు.

మిర్చి రైతుకు చలి భయం కాదు, మబ్బు భయం. జనవరి, ఫిబ్రవరి రెండూ కలిపినా మన దగ్గర మామూలు వాన ఒకటిన్నర సెంటీమీటర్ దాటదు. ఆ కాస్త కల్లం మీద పడితే ఎర్రకాయ తెల్లబడి తాలు కింద అమ్ముకోవాలి. వాన లేకపోయినా రాత్రి ఓస్‌కు ఎండిన కాయ మళ్లీ మెత్తబడుతుంది, ఎనుమాములలో తేమ పేరు చెప్పి ధర కోస్తారు. సాయంత్రం పట్టా కప్పి, పొద్దున ఓస్ ఆరాకే తీయడం అందుకే. మామిడికి లెక్క తిరగబడుతుంది. రాత్రి చలి పడితేనే పూత బాగా వస్తుంది, గుత్తదారులు చలి లిస్టు చూసి సంతోషపడేది దానికే. కానీ పూత మీద మబ్బు, పొగమంచు నిలిస్తే బూడిద తెగులు, తేనెమంచు పురుగు రెండూ దిగుతాయి. ఆ పురుగు పేరులో కూడా మంచే, చూడండి.

చివరిగా కుంపటి. చలి లిస్టులో పై వరసలో ఉన్న రాత్రుల్లోనే ఇళ్లలో తలుపులు, కిటికీలు బిగించి బొగ్గుల అంగీఠీ లోపల పెట్టుకుంటారు. మంట ఆరిన ఎర్రటి బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, దగ్గు కూడా రాదు. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి, నిద్రలో ఉన్నవాళ్లకు అవి కూడా తెలియవు. బాలింత గదిలో, ముసలివాళ్ల గదిలో ఈ అలవాటు ఎక్కువ. పడుకునే ముందు కుంపటి గది బయట పెట్టండి. పొద్దున ఒకే గదిలో ఇద్దరు ముగ్గురు లేవలేకపోతే ముందు తలుపులు తెరిచి వాళ్లను బయటి గాలిలోకి తీయండి, తర్వాత 108కి ఫోన్ చేయండి.