మెడలో నలిగే వెన్నుపాము: కత్తి ఎప్పుడు పట్టాలి?

చొక్కా బొత్తాలు పెట్టుకోబోతే వేళ్లు మాట వినవు. నడుస్తుంటే చెప్పు జారిపోయినా కాలికి తెలియదు. షుగర్ వల్లేనని ఒకరు, వయసు మీదపడిందని ఇంకొకరు తేల్చేస్తారు. కొందరిలో అసలు తంటా మెడలో ఉంటుంది, అదీ మెడ నొప్పి పెద్దగా లేకుండానే. అందుకే ఈ జబ్బు బయటపడేసరికి సగటున రెండేళ్లు దాటిపోతోందని అధ్యయనాలు చెబుతున్నాయి.

మెడ వెన్నుపూసల్లో వెన్నుపాము దిగే దారి ముందు నుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్లు. 13కు తగ్గితే ఇరుకు, 10కి తగ్గితే తీవ్రమైన ఇరుకు. డిస్కులు ఉబ్బడం, ఎముక మొనలు పెరగడం, లిగమెంట్లు దళసరెక్కడం దీనికి కారణాలు. అయితే ఏ ఇబ్బందీ లేనివాళ్ల ఎంఆర్ఐలోనూ నొక్కుడు కనిపించవచ్చు. ఫిల్మ్ చూసి హడలిపోనక్కర్లేదు.

అసలు చూడాల్సింది 18కి వచ్చే స్కోరు. ఎంజేఓఏ అనే కొలమానంలో చేతులకు 5, కాళ్లకు 7, స్పర్శకు 3, మూత్రంపై పట్టుకు 3 మార్కులు. బొత్తాల సంగతి ఇందులోనే ఉంది: కాస్త కష్టంగా పెట్టుకుంటే 4, చాలా కష్టంగా అయితే 3, చెంచాతో తినగలిగినా బొత్తం పెట్టుకోలేకపోతే 2. మొత్తం 15-17 వస్తే స్వల్పం, 12-14 మధ్యస్థం, 11 లేదా అంతకన్నా తక్కువైతే తీవ్రం. 2017 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు మధ్యస్థ, తీవ్ర దశల్లో ఆపరేషనే చేయమన్నాయి. స్వల్ప దశలో ఆపరేషన్ గానీ, పర్యవేక్షణలో ఫిజియోథెరపీ గానీ.

ఒకటి రెండు చోట్లే నొక్కుడుంటే ఎక్కువగా ముందు నుంచి వెళ్తారు. శ్వాసనాళాన్ని, అన్నవాహికను పక్కకు జరిపి, డిస్కు తీసి, ఆ ఖాళీలో ఎముక ముక్కో కేజో పెట్టి బిగిస్తారు. ఎక్కువ చోట్ల ఉంటే చాలాసార్లు వెనక నుంచే. జపాన్‌లో 1977లో హిరబయాషి మొదలుపెట్టిన పద్ధతిలో వెనక ఎముకను ఒకవైపు పూర్తిగా కోసి, రెండోవైపు పలుచన చేసి, తలుపులా తెరుస్తారు. ఎముక తీసేయకుండానే వెన్నుపాముకు చోటు దొరుకుతుంది.

ఏ దారి మేలు? 2021లో వెలువడిన 163 మంది అధ్యయనంలో ఏడాది తర్వాత ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ముందు నుంచి చేసినవాళ్లలో మాత్రం చిక్కులు ఎక్కువ, ముఖ్యంగా మింగడంలో ఇబ్బంది. ఇక ఏ దారిలో వెళ్లినా, సుమారు 5 శాతం మందికి భుజం ఎత్తే కండరం బలహీనపడుతుంది. చాలామందిలో అది నెలల్లో తేరుకుంటుంది.

ఉత్తర అమెరికాలో ఆపరేషన్ చేయించుకున్న 278 మందిని గమనించిన 2013 నాటి అధ్యయనంలో ఏడాది తర్వాత ఎంజేఓఏ స్కోరు సగటున దాదాపు 3 పాయింట్లు పెరిగింది. పోయిందంతా తిరిగి వస్తుందని ఆశపడొద్దు. జబ్బు ముదరకుండా ఆపడమే ఆపరేషన్ మొదటి పని. అందుకే ఆలస్యం ఖరీదైనది.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. 10 సెకన్లలో పిడికిలి ఎన్నిసార్లు పూర్తిగా మూసి తెరవగలరో లెక్కపెట్టండి. 20కి తగ్గితే వెన్నుపాము నలుగుతోందేమోనని అనుమానించాలి. అది కీళ్లవాతమూ కావచ్చు, కానీ నడక కూడా తూలుతుంటే మెడకు మసాజులు, విరుపులు చేయించుకోకుండా న్యూరోసర్జన్‌నో వెన్నెముక సర్జన్‌నో కలవండి. ఎంఆర్ఐ గురించి మాట్లాడాక ‘నా స్కోరు ఎంత?’ అని కూడా అడగండి.