చేప పొలుసుకీ మన ఎముకకీ చుట్టరికం

గోపాల్‌పూర్ తీరంలోనైనా, చెన్నై కాశిమేడులోనైనా, యానాంలో గోదావరి ఒడ్డునైనా చేప కొనగానే ముందు జరిగేది ఒకటే. కత్తితో పొలుసు గీకేస్తారు. ఆ పొలుసు, తోలు, ముల్లు చెత్తలోకి పోతాయి. మన ఎముకల్లో ఉండే ముఖ్యమైన సరుకు ఒకటి ఆ చెత్తలోనూ ఉంది. దాని పేరు కొలాజెన్.

ఎముకంటే క్యాల్షియం ముద్ద అనుకుంటారు పిల్లలు. బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజమే, నిజమే. కానీ కాంక్రీటు స్తంభంలో ఇనుప కడ్డీల్లా దాన్ని పట్టి ఉంచేవి కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులు. తరగతిలోనే చూపించవచ్చు. కడిగిన కోడికాలి ఎముకను వెనిగర్‌లో వేసి, రెండు మూడు రోజులకోసారి వెనిగర్ మారుస్తూ వారం పైన ఉంచండి. (మూత బిగించవద్దు, సీసా కిటికీ దగ్గర పెట్టండి. వాసన మాత్రం తప్పదు.) ఖనిజం కరిగి ఎముక రబ్బరులా వంగుతుంది. మిగిలింది చాలావరకు కొలాజెనే.

ఈ పోగు అల్లికను లోకానికి చెప్పింది మద్రాసు విశ్వవిద్యాలయం. అక్కడ జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో మూడు పేటల నమూనాను ‘నేచర్’ పత్రికలో ప్రచురించారు. మరుసటి ఏడాది దాన్ని సవరించి, మూడు పేటలూ కలిసి తాడులా మెలితిరిగి ఉంటాయని చూపారు. చెన్నైలో చదివే మన పిల్లలకు ఈ సంగతి పాఠంలో లేకపోయినా చెప్పాలి.

పిల్లాడి చెయ్యి విరిగితే చాలాసార్లు కట్టు కడితే చాలు, ఎముక తనే అతుక్కుంటుంది. ప్రమాదంలోనో, కణితి తీసినప్పుడో పెద్ద ముక్క పోతేనే చిక్కు. అప్పుడు తరచుగా రోగి తుంటి ఎముక నుంచే కొంత తీసి అక్కడ పెడతారు. అంటే రెండో గాయం. దానికి బదులు కొలాజెన్‌తో చేసిన స్పాంజిలాంటి ముక్క పెడితే? పందిరి మీద తీగ పాకినట్టు ఎముక కణాలు అందులోకి పాకుతాయి. కొత్త ఎముక ఏర్పడుతుంటే పందిరి మెల్లగా కరిగిపోతుంది.

ఇంతవరకు ఈ కొలాజెన్ ఎక్కువగా ఆవు, పంది నుంచే వస్తోంది. 1980లలో బ్రిటన్‌లో బయటపడిన పిచ్చావు వ్యాధి భయం ఒకటి, మత అభ్యంతరాలు మరొకటి పరిశోధకులను చేపవైపు తిప్పాయి. అయితే చల్లని సముద్రాల కాడ్ చేప కొలాజెన్ 15 డిగ్రీల దగ్గరే మెలి విడిపోతుంది. మన ఒంటి వేడి 37. వెచ్చని నీటి చేపలది 30 దాకా తట్టుకున్నా అదీ చాలదు. అందుకే పోగుల మధ్య రసాయన ముడులు వేసి, ఎముక ఖనిజమైన హైడ్రాక్సీఅపటైట్ కలిపి గట్టిపరుస్తున్నారు. ఎలుకలు, కుందేళ్ల మీద ఫలితాలు ఆశ పుట్టిస్తున్నాయి. మనుషుల మీద పరీక్షలు ఇంకా తక్కువే.

ఈలోగా ‘మెరైన్ కొలాజెన్’ పొడి డబ్బాలు దుకాణాలకొచ్చేశాయి. తల్లిదండ్రులు గమనించాల్సింది ఇక్కడే. తాగిన పొడి పొట్టలో అమైనో ఆమ్లాలుగా, చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంది. పందిరిలా వెళ్లి ఎముక దగ్గర నిలబడదు. చేప పడని పిల్లలకైతే ప్రమాదం కూడా. ఒంట్లో కొలాజెన్ తయారీకి కావలసింది తగినంత ప్రొటీను, విటమిన్ సి. గుడ్డు, పప్పు, ఉసిరి, జామ వాటికి చాలు. ఖరీదూ తక్కువే.

వెనిగర్ సీసాలో ఎముకతో పాటు నాలుగు పెద్ద పొలుసులు కూడా వేయండి. అవీ మెత్తబడతాయి. ఎందుకో పిల్లల్నే అడగండి.