ఆఫీసులు వద్దన్న యంత్రం.. చిత్రకారులకు ముద్దు

బియ్యం మిల్లులో గోనె బస్తా మీద పేరు వేయడం చూడనివారు పల్లెల్లో అరుదు. అక్షరాల ఆకారంలో కత్తిరించిన రేకును బస్తా మీద ఆనించి, రంగులో ముంచిన బ్రష్షుతో పైన అద్దుతారు. రేకు ఎత్తగానే మిల్లు పేరు బస్తా మీద నిలిచిపోతుంది. వెయ్యి బస్తాలకైనా రేకు ఒక్కటే. చిల్లుల రేకులో ముగ్గుపిండి పోసి వాకిట్లో దించే ముగ్గుదీ ఇదే పద్ధతి. చిల్లు ఉన్నచోట రంగు దిగుతుంది. లేనిచోట దిగదు.

ఈ కిటుకుతోనే పనిచేసే ఒక జపాన్ యంత్రాన్ని ఇప్పుడు దేశదేశాల చిత్రకారులు ఏరికోరి తెచ్చుకుంటున్నారు. దాని పేరు రైసోగ్రాఫ్. బొమ్మల కోసం పుట్టిన యంత్రం కాదిది. స్కూళ్లలో ప్రశ్నపత్రాలు, ఆఫీసుల్లో సర్క్యులర్లు, చర్చీల్లో కరపత్రాలు వేగంగా, చవకగా తీయడానికి తయారైంది. ఫొటోకాపీ యంత్రాలు, కంప్యూటర్ ప్రింటర్లు వచ్చాక చాలాచోట్ల దాన్ని మూలకు నెట్టేశారు. అలా మూలపడిన యంత్రాలనే కొని, దులిపి, రంగుల పుస్తకాలు, పోస్టర్లు, కార్డులు వేస్తున్నారు.

సైక్లోస్టైల్‌కు మనవడు

యాభై ఏళ్లు దాటిన వారికి సైక్లోస్టైల్ ప్రశ్నపత్రం గుర్తుండే ఉంటుంది. మైనం పూసిన పల్చటి స్టెన్సిల్ కాగితాన్ని టైపు మిషనుకెక్కించి, రిబ్బను తగలకుండా పక్కకు తప్పించి టైపు చేసేవారు. అక్షరం పడినచోట మైనం చీలేది. తప్పు పడితే గోళ్లరంగులాంటి ద్రవం పూసి, ఆరేదాకా నోటితో ఊది, దాని మీదే మళ్లీ కొట్టేవారు. ఆ కాగితాన్ని సిరా డ్రమ్ముకు చుట్టి పిడి తిప్పితే కాపీలు ఒకదాని వెంట ఒకటి వచ్చి పడేవి. మరీ గట్టిగా కొడితే సున్నా లోపలి ముక్క ఊడిపోయి, కాగితం మీద సున్నాకు బదులు నల్లటి చుక్క పడేది. లెక్కల పరీక్షలో అలాంటి చుక్కను చూసి తికమకపడిన విద్యార్థులు ఎందరో! టైపు మిషను లేనిచోట ఇనుప కలంతో స్టెన్సిల్ మీద చేత్తోనే రాసేవారు.

ఈ పద్ధతికి నూటనలభై ఏళ్లు పైబడిన చరిత్ర ఉంది. అమెరికాలో ఎడిసన్ 1876లో దీనికి సంబంధించిన పేటెంటు పొందారు. లండన్‌లో స్థిరపడిన హంగరీవాసి డేవిడ్ గెస్టెట్నర్ 1880లలో సైక్లోస్టైల్‌ను ప్రచారంలోకి తెచ్చారు. కొనకు చిన్న పళ్ల చక్రం ఉన్న కలం అది. రాస్తూ పోతుంటే ఆ చక్రం కాగితానికి చిల్లులు పొడుస్తూ పోయేది. ఆ కలం పేరే మన నోళ్లలో యంత్రం పేరుగా, పని పేరుగా స్థిరపడింది. అచ్చాఫీసు మెట్లెక్కలేని వారికి అదే అచ్చు యంత్రం. 1975లో ఎమర్జెన్సీ విధించి పత్రికలపై సెన్సారు పెట్టినప్పుడు, దేశంలో రహస్యంగా చేతులు మారిన పత్రాలు చాలావరకు సైక్లోస్టైల్‌వే.

జపాన్‌లో 1894లో హోరీ అనే తండ్రీకొడుకులు ఇలాంటి పరికరాన్నే తయారుచేశారు. గరుకు ఇనుప పలక మీద మైనం కాగితం పరిచి, ఉక్కు కలంతో గీయాలి. గీస్తుంటే 'గరి గరి' మని చప్పుడు వస్తుందని దానికి 'గరిబాన్' అని పేరు పెట్టుకున్నారు. మన 'గరగర' అక్కడ 'గరి గరి' అయింది, అంతే తేడా.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1946లో, నొబొరు హయామా టోక్యోలో స్టెన్సిల్ అచ్చుపని చేసిపెట్టే చిన్న దుకాణం తెరిచారు. దుకాణం పేరు 'రిసో'. జపాన్ భాషలో ఆ మాటకు 'ఆదర్శం' అని అర్థం. అప్పట్లో మంచి సిరా కావాలంటే విదేశాల నుంచి రావాల్సిందే. అందుకని సిరా స్వయంగా తయారుచేయడానికి పూనుకుని 1954లో మార్కెట్లోకి తెచ్చారు. మజ్జిగలో వెన్న కలిసి ఉన్నట్లు నూనె, నీరు కలిసి ఉండే సిరా అది. 1980లో రైసోగ్రాఫ్ పేరుతో యంత్రాలు రావడం మొదలైంది.

పిడి తిప్పే పని, మైనం కాగితం, టైపు మిషను మోత ఇందులో లేవు. పైకి చూస్తే జిరాక్స్ మిషనులాగే ఉంటుంది. రాసిన కాగితాన్ని అద్దం మీద బోర్లిస్తే యంత్రమే చదువుకుంటుంది. లోపల సన్నటి నార కాగితానికి అంటించిన ప్లాస్టిక్ పొర చుట్ట ఉంటుంది. దాన్ని 'మాస్టర్' అంటారు. వెంట్రుకంత సందుల్లో వరుసగా అమర్చిన వేడి బిందువులు నలుపు ఉన్నచోటల్లా ఆ పొరను కాల్చి చిల్లులు పెడతాయి. మాస్టర్ తనంతట తానే వెళ్లి డ్రమ్ముకు చుట్టుకుంటుంది. డ్రమ్ము లోపలి నుంచి సిరా చిల్లుల గుండా కాగితం మీదికి దిగుతుంది. నిమిషానికి వందకు పైగా కాపీలు వస్తాయి. సిరాను వేడిచేసి అతికించే పని లేదు కనుక కరెంటు ఖర్చూ తక్కువే.

సిరాలో వాడే నూనె సంగతి రైతులకు ఆసక్తి కలిగించేదే. మొదట్లో పెట్రోలియం నూనె వాడేవారు. తర్వాత సోయా నూనె కలిపారు. ఆపై తవుడు నూనెతో చేసిన సిరాలనూ కంపెనీ తెచ్చింది. వరి పండే జపాన్‌లో తవుడుకు కొదవ లేదు మరి!

యంత్రానికి రంగు తెలియదు

చిత్రకారులను కట్టిపడేసిన విషయం ఇక్కడే ఉంది. యంత్రానికి రంగులు తెలియవు. దానికి తెలిసింది నలుపు ఉందా, లేదా అన్నదే. డ్రమ్ములో ఏ రంగు సిరా ఉంటే ఆ రంగే పడుతుంది. నల్ల డ్రమ్ము తీసి ఎర్ర డ్రమ్ము పెడితే అదే ప్రశ్నపత్రం ఎర్రగా వస్తుంది.

కోడిపుంజు బొమ్మ వేయాలనుకుందాం. జుట్టు ఎరుపు, ఒళ్లు పసుపు, తోక ఆకుపచ్చ. చిత్రకారుడు మూడు కాగితాలు తీసుకుంటాడు. మూడింటి మీదా నల్ల సిరాతోనే గీస్తాడు. మొదటి దాంట్లో ఒళ్లు, తోక. రెండో దాంట్లో తోక ఒక్కటే. మూడో దాంట్లో జుట్టు. మొదటి కాగితాన్ని పసుపు డ్రమ్ముతో రెండొందల కాపీలు తీస్తాడు. ఆ రెండొందల కాగితాలనే మళ్లీ యంత్రంలో పెట్టి, నీలం డ్రమ్ముతో రెండో దాన్ని అచ్చువేస్తాడు. పసుపు మీద నీలం పడి తోక ఆకుపచ్చగా తేలుతుంది. చివరికి ఎర్ర డ్రమ్ముతో జుట్టు. ఆకుపచ్చ సిరా కొనకుండానే కోడి తోకకు ఆకుపచ్చ వచ్చింది.

కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకం చూసినవారికి ఇది కొత్తేమీ కాదు. అక్కడా రంగుకో చెక్క అచ్చు. మొదటి అచ్చు పడినచోటే రెండోది సరిగ్గా కూర్చోవాలి. అద్దకందారు కన్నూ చేయీ చేసే ఆ పని ఇక్కడ యంత్రం చేయాలి. అయితే యంత్రం అంత కచ్చితమైనది కాదు. కాగితం ఒక్కోసారి అటో ఇటో కాస్త జరుగుతుంది. జుట్టు తల మీద కాకుండా తలకు ఆనీ ఆననట్లు పడుతుంది. ప్రశ్నపత్రాలు తీసేవారికి దీంతో పనేముంది? రంగుల బొమ్మ వేసేవారికి మాత్రం ఇదే పెద్ద తలనొప్పి. అందుకే ఒక రంగు అంచు మీదికి రెండో రంగు కాస్త ఎక్కేట్లు ముందుగానే గీసుకుంటారు. కొందరైతే ఆ జరుగుబాటే బాగుందంటారు. ఏ రెండు కాపీలూ అచ్చంగా ఒకేలా ఉండవు గనుక ప్రతిదీ చేత్తో చేసినట్లే ఉంటుందని వారి వాదన. అందులో నిజం ఉంది. పనిలో లోటును కప్పిపుచ్చుకోవడమూ కొంత ఉంది.

మామూలు ఆఫ్‌సెట్ అచ్చులో నాలుగు రంగుల చుక్కలు కలిపి లోకంలోని రంగులన్నీ చూపిస్తారు. ఇక్కడ అలా కాదు. గులాబీ కావాలంటే గులాబీ సిరానే పోయాలి. దీన్నే స్పాట్ కలర్ అంటారు. కళ్లు జిగేల్‌మనే గులాబీ, నారింజ వంటి సిరాలు దీనికి ప్రత్యేకం. ఆ మెరుపు నాలుగు రంగుల అచ్చులో రాదు. ఖర్చు లెక్క కూడా కలిసొస్తుంది. నాలుగు రంగుల ఆఫ్‌సెట్‌లో ప్లేట్లకయ్యే ఖర్చు వేల కాపీలు వేస్తేనే గిట్టుబాటు. పది కాపీలే చాలంటే జిరాక్స్ చవక. రెండొందలు, అయిదొందలు కావలసిన వాడికి రైసో సరిగ్గా సరిపోతుంది. మాస్టరుకు ఒకసారి ఖర్చు. తర్వాత ప్రతి కాపీకీ కాగితం, కాస్త సిరా. పేరు పడని కవికి, తొలి పుస్తకం వేసుకునే చిత్రకారుడికి అంతకు మించి కాపీలు ఎందుకు?

నెదర్లాండ్స్‌లోని నైమేఖెన్ పట్టణంలో 'క్నుస్ట్' అనే బృందం 1980లలోనే స్టెన్సిల్ యంత్రాలతో కళాకారుల పుస్తకాలు వేయడం ప్రారంభించింది. లండన్‌లో 2009లో 'హాటో ప్రెస్', గ్లాస్గోలో 2012లో 'రిసొట్టో' వెలిశాయి. 2014 నాటికి మాస్ట్రిక్ట్‌లోని వాన్ ఐక్ అకాడమీ 'మ్యాజికల్ రైసో' పేరిట ఈ పనివారి సమావేశమే జరిపింది.

బువ్వాలాట యంత్రం కథ

ఇంతటి ముచ్చట ఎన్నాళ్లు నిలుస్తుంది? ఈ అనుమానానికి కారణం అదే కంపెనీ చేసిన మరో యంత్రం.

1977లో రిసో కంపెనీ ఇళ్లలో వాడుకునే బుల్లి అచ్చుపెట్టెను విడుదల చేసింది. పేరు 'ప్రింట్ గోక్కో'. మన పిల్లలు ఆడే బువ్వాలాటలాంటి ఉత్తుత్తి ఆటలను జపాన్‌లో 'గోక్కో' అంటారు. కార్బన్ ఉన్న కలంతో బొమ్మ గీసి పెట్టెలో పెట్టి మూత నొక్కితే, రెండు ఫ్లాష్ బల్బులు ఒక్కసారిగా వెలిగి మాడిపోతాయి. ఆ వేడికి గీత ఉన్నమేర తెర కాలి చిల్లులు పడతాయి. తెర మీద పళ్లపేస్టులా రంగులు పిండి, ఒక్కో కార్డు మీద నొక్కడమే. పక్కపక్కన నాలుగు రంగులు పిండితే నాలుగూ ఒకే నొక్కుతో పడతాయి. జపాన్‌లో నూతన సంవత్సరానికి బంధుమిత్రులందరికీ కార్డులు పంపే ఆచారం ఉంది. డిసెంబరు వచ్చిందంటే ఇంటిల్లిపాదీ ఈ పెట్టె చుట్టూ చేరేవారు. మొత్తం కోటికి పైగా పెట్టెలు అమ్ముడుపోయాయి.

ఇళ్లలోకి కంప్యూటర్లు, రంగుల ప్రింటర్లు వచ్చాయి. పెట్టెలు అటకెక్కాయి. తయారీ ఆపేస్తామని కంపెనీ 2005లో ప్రకటించింది. జపాన్‌లో గిరాకీ పడిపోయినా, అమెరికాలో దీనితో కార్డులు వేసి అమ్ముకుంటూ బతుకుతున్న చేతిపనివారు ఉన్నారు. ఆపవద్దంటూ వారు ఉద్యమమే నడిపారు. కొన్నాళ్లు బండి నడిచింది. 2008లో పెట్టెల అమ్మకం ఆగింది. 2012 చివరికి బల్బులు, తెరల సరఫరా కూడా నిలిచిపోయింది. పెట్టె చెక్కుచెదరకుండా ఉంది. బల్బు లేదు. ఒక్క తెరకు రెండు బల్బులు మాడే యంత్రం బల్బులు లేకుండా ఏం చేస్తుంది? మిగిలిన బల్బులను బంగారంలా దాచుకున్నారు.

రైసోగ్రాఫ్ వాడే చిత్రకారులకు ఈ కథ బాగా తెలుసు. మాస్టర్ చుట్టలు, సిరా గొట్టాలు, డ్రమ్ములు చేసేది కంపెనీయే. దాని అసలు ఖాతాదారులు స్కూళ్లు, ఆఫీసులు. వారు మానేస్తే చిత్రకారుల కోసమే గులాబీ సిరా కాచి పోస్తారనే భరోసా లేదు. పాత మోడల్ డ్రమ్ము కొత్త మోడల్‌లో పట్టదు. అందుకే పనికిరాని యంత్రం ఎక్కడైనా దొరికితే విడిభాగాల కోసం కొని పెట్టుకుంటారు. దొరకని రంగు కావాలంటే పాత డ్రమ్మును విప్పి, లోపలి సిరా పొరంతా తుడిచి, కొత్త రంగు ఎక్కిస్తారు. అదొక పూట పని. చేతులు మోచేతుల దాకా రంగు అవుతాయి.

సిరాతోనూ చిక్కులున్నాయి. అది కాగితంలోకి ఇంకాలే తప్ప పైన ఎండదు. నున్నటి ఆర్ట్ పేపరు పనికిరాదు. గరుకు కాగితమే వాడాలి. ఎన్నాళ్లయినా వేలితో గట్టిగా రుద్దితే కాస్త అంటుకుంటుంది. ఒక రంగు వేసిన వెంటనే రెండో రంగుకు పెడితే, కాగితాన్ని లాగే చక్రాల జాడ బొమ్మ మీద బండిచాలులా పడుతుంది. అందుకని ఒక రంగుకూ మరో రంగుకూ మధ్య కాగితాలను కొన్ని గంటలు, వీలైతే ఒక రాత్రి వదిలేస్తారు. పేజీ నిండా ముదురు రంగు పోస్తే తడి కాగితం డ్రమ్ముకే అతుక్కుపోయి యంత్రం మొరాయిస్తుంది. కళ్లు జిగేల్‌మనిపించే గులాబీ ఎండ తగిలేచోట పెడితే వెలిసిపోతుంది.

ఇదే కుటుంబానికి చెందిన యంత్రాలు మన రాష్ట్రాల్లోనూ కాలేజీల్లో, కోచింగ్ సెంటర్లలో ప్రశ్నపత్రాలు తీస్తూ వచ్చాయి. నలుపు తప్ప మరో రంగు వాటికి అలవాటు చేసినవారు తక్కువ. డ్రమ్ము మార్చుకునే వీలు వాటికీ ఉంది. ముందు మూత తెరిచి, పిడి పట్టుకుని లాగితే నల్ల డ్రమ్ము బయటకు వచ్చేస్తుంది. దాని స్థానంలో పెట్టడానికి అదే మోడల్‌కు చెందిన మరో డ్రమ్ము, ఒక రంగు సిరా గొట్టం కావాలి. పాఠశాల వార్షికోత్సవ సంచికకు ఎర్ర అట్ట వేయడానికి ఆ రెండూ చాలు.