పోచమ్మ ఎవరని పిల్లలు అడిగితే

బోనాల నాడు తల్లి కొంగు పట్టుకొని మొదటిసారి పోచమ్మ గుడి కాడికి పోయిన పిల్లకు ఎవ్వరూ ఏమీ బోధించరు. కొత్తకుండకు సున్నం, పసుపు పూస్తుంటే చూస్తది. కుండలో అన్నం పెట్టి, వేపమండలు చుట్టి, పైన దీపం వెలిగిస్తుంటే చూస్తది. డప్పు మోగితే కాళ్ళు కదుపుతది. పెద్దవాళ్ళు కల్లు సాక పోస్తుంటే తన చేతిల నీళ్ళు కూడా పోస్తానని మారాం చేస్తది. రాత్రి యాట కూర తిని నిద్రపోతది. అంతే. మంత్రం లేదు, పుస్తకం లేదు, పరీక్ష లేదు. మన ఇండ్లల్లో నమ్మకం ఒక తరం నుండి ఇంకో తరానికి చేరేది ఇట్లాగే.

ప్రశ్న తర్వాత మొదలవుతుంది. ఆ పిల్ల బడికి పోతుంది. అక్కడ గోడ మీద సరస్వతి పటం ఉంటుంది, పోచమ్మ ఉండదు. పొద్దున ప్రార్థన ఉంటుంది, అందులో తన అవ్వ పాడే పాట ఉండదు. పాఠంలో దేవుడు అన్న మాట వచ్చినప్పుడు అది తమ ఇంటి దేవత గురించి కాదని పిల్లకు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. ఒకరోజు ఇంటికొచ్చి అడుగుతుంది: 'పోచమ్మ నిజం దేవతనా? మరి బుక్కుల ఎందుకు లేదు?' ఈ ప్రశ్నకు మన దగ్గర ఏం జవాబు ఉంది? ఉద్యమాల్లో తిరిగిన మేము కూడా చాలాకాలం దీన్ని చిన్న విషయం అనుకున్నాం. ఇది చిన్న విషయం కాదు. తన ఇల్లు సిగ్గుపడాల్సిన ఇల్లా, కాదా అని పిల్ల తేల్చుకునేది ఈ జవాబుతోనే.

ముందు పేరు సంగతి చూద్దాం. ఇంగ్లీషులో 'పేగన్' అనే మాట ఉంది. లాటిన్‌లో దాని మూలానికి పల్లెటూరివాడు అని అర్థం. రోమన్ సామ్రాజ్యంలో క్రైస్తవం బలపడిన తర్వాత, పాత దేవతలను విడవనివాళ్ళను ఆ మాటతో పిలిచారు. పల్లె మనిషి పేరే తిట్టయింది. మన దగ్గర అదే పని 'క్షుద్ర దేవత' అనే మాట చేసింది. క్షుద్రం అంటే నీచం, అల్పం. పోచమ్మ, మైసమ్మ, ఎల్లమ్మ, బాలమ్మ, ముత్యాలమ్మ అందరూ ఆ మాట కిందికి వచ్చారు. దేవతను నీచమన్నవాడు ఆ దేవతకు మొక్కే మనిషిని ఏమన్నట్టు? ఇది పిల్లలకు కూడా అర్థమయ్యే లెక్క.

ఇప్పుడు యూరపులో, అమెరికాలో పేగన్ అన్న తిట్టునే పేరుగా పెట్టుకొని బతుకుతున్నవాళ్ళు ఉన్నారు. దేవత సంప్రదాయాల్లో పిల్లలను పెంచడం ఎట్లా అన్న విషయం మీద స్టార్‌హాక్, మరో ఇద్దరు రచయిత్రులు కలిసి 1998లో ఒక పుస్తకమే తెచ్చారు. వాళ్ళలో చాలామంది పెద్దయ్యాక ఎంచుకొని ఆ దారికి వచ్చినవాళ్ళు. మనం ఎంచుకోలేదు, అందులో పుట్టాం. కులంతో పాటే అది మనకు వచ్చింది. కాబట్టి మన పని వాళ్ళ పనికన్నా కష్టం. కుల అవమానాన్ని వదిలించుకుంటూ, ఇంటి జ్ఞాపకాన్ని మాత్రం కాపాడుకోవాలి.

దీనికి మనవాళ్ళు వెతికిన జవాబులు కొత్తవి కావు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలు, భజనల ద్వారా వాడల్లోకి పోయాడు. ఆడపిల్లలను దేవతలకు విడిచే ఆచారం మీద, జంతుబలి మీద, తాగుడు మీద పోరాడాడు. కోస్తాలో ఒంగోలు బాప్టిస్టు మిషన్ 1878 జూలై 3న ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో అంబేద్కర్ బౌద్ధం తీసుకొని, తన వెంట వచ్చినవాళ్ళతో 22 ప్రతిజ్ఞలు చేయించాడు. దారులు వేరయినా ఈ ముగ్గురూ వెతికింది ఒకటే, మనిషిగా నిలబడే చోటు. వాళ్ళను తప్పుపట్టే హక్కు మనకు లేదు.

అయితే దారి మార్చుకున్న ఇండ్లల్లో కూడా పిల్లల ప్రశ్న ఆగలేదు. క్రైస్తవ ఇంట్లో 'మీ తాత డప్పు ఎందుకు కొట్టేవాడు?' అని, బౌద్ధ ఇంట్లో 'అవ్వ బోనం ఎందుకు ఎత్తేది?' అని అడుగుతనే ఉన్నారు. పాపం అనో, మూఢనమ్మకం అనో ఒక్క మాటతో నోరు మూయిస్తే పిల్ల నేర్చుకునేది దేవుని గురించి కాదు, తన తాత అవ్వల గురించి. వాళ్ళు తెలివిలేనోళ్ళు అని నేర్చుకుంటది. ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. మాదిగల పాత కథలను, మాతంగి సంప్రదాయాన్ని 1899లోనే ఇంగ్లీషు పుస్తకంలోకి ఎక్కించింది ఒంగోలు మిషన్ ఇంటి మనిషే, ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. మతం మారినా కథ వినడం పాపం కాదని ఆ మిషన్ ఇంటినుండే రుజువు దొరుకుతుంది.

1996లో కంచ ఐలయ్య 'వై ఐ యామ్ నాట్ ఎ హిందూ' రాసినప్పుడు తన బాల్యం నుండే మొదలుపెట్టాడు. గొల్లకుర్మల ఇంట్లో పెరిగిన పిల్లవానికి తెలిసిన దేవతలు వేరు, బడి పుస్తకంలో కనిపించిన దేవతలు వేరు అన్నది ఆయన వాదానికి పునాది. ఆ వాదంతో అందరూ ఏకీభవించనక్కర్లేదు. కానీ ఆ పుస్తకం తర్వాత, ఇంట్లో నేర్చుకున్నది చదువు కాదు అనడం కష్టమైంది.

మరి ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి? మేము మా ఇండ్లల్లో, వాడ పిల్లలతో చేసి చూసిన పద్ధతిని ఇక్కడ పెడుతున్నాం.

అయిదారేండ్ల లోపు పిల్లలకు వివరణ అక్కర్లేదు. వస్తువులు చాలు. కుండ ఎవరు చేశారు, వేపాకు ఎందుకు చేదు, డప్పుకు తోలు ఎక్కడిది, దాన్ని మంట మీద ఎందుకు కాచుతారు. ఈ మాటల్లోనే కుమ్మరి పని, మాదిగ పని, చెట్టు, పశువు అన్నీ వస్తాయి. మన దేవత చుట్టూ ఉన్నది శ్రమ. పిల్ల ముందు ఆ శ్రమను చూడాలి. డప్పు కొట్టే చేతిని గౌరవంగా చూడడం ఈ వయసులో నేర్చుకున్న పిల్లకు తర్వాత అవమానం అంత తేలికగా అంటదు.

ఏడెనిమిదేండ్లు వచ్చాక జబ్బు గురించి చెప్పవచ్చు. మశూచి వస్తే 'అమ్మ పోసింది' అనేవాళ్ళు. రోగిని తిట్టేవాళ్ళు కాదు, అమ్మ ఒంటిమీదికి వచ్చిందని గౌరవించేవాళ్ళు. గుమ్మానికి వేపమండలు కట్టి బయటివాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదు. వైద్యుడు రాని వాడకు భయాన్ని తట్టుకునే దారి అది. ఆ వెంటనే రెండో సగం కూడా చెప్పాలి. మశూచిని భూమ్మీద నుండి పోగొట్టింది టీకా. మనదేశంలో చివరి కేసులు 1975లో వచ్చాయి, ప్రపంచమంతటా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. అవ్వ అమ్మకు మొక్కింది, అమ్మ సూది వేయించింది, రెండూ పిల్ల బతకాలనే. ఇట్లా చెబితే పిల్ల అవ్వను తక్కువ చేయదు, సూదికి భయపడదు. సగమే చెబితే ఏదో ఒకటి పోతుంది.

పదేండ్లు దాటినాక కథలు. ఎల్లమ్మ కథ తీసుకుందాం. జమదగ్ని చెప్పిండని పరశురాముడు తల్లి రేణుక తల నరుకుతాడు. పెద్దకులాల పురాణంలో దీన్ని తండ్రి మాట జవదాటని కొడుకు కథగా చెబుతారు. మన వాడల్లో చెప్పే తీరు వేరు. ప్రాణభయంతో పరుగెత్తిన ఎల్లమ్మ మాదిగ ఇంట్లో తలదాచుకుంటుంది. మాదిగ స్త్రీ ఆమెను కావలించుకుంటుంది. గొడ్డలి ఇద్దరి తలలనూ తెంచుతుంది. మళ్ళీ అతికించేటప్పుడు తలలు మారిపోతాయి. అంటే మొక్కులందుకునే దేవతలో సగం మాదిగ స్త్రీ. ఈ కథ విన్న పిల్లలను ఊరుకోబెట్టవద్దు, అడగనివ్వాలి. కొడుకు తల్లిని ఎందుకు చంపిండు? తండ్రి చెబితే మాత్రం చంపొచ్చా? చావు ముంగట తలుపు తీసిన ఇల్లు ఎవరిది? అదే ఇంటిమనిషిని ఊళ్ళో గుడి బయట ఎందుకు నిలబెడుతున్నరు? మూడు ప్రశ్నలు అడిగేసరికి పితృస్వామ్యం, కులం రెండూ పిల్లల నోటనే బయటికి వస్తాయి.

జాంబపురాణం కూడా ఇట్లాగే. భూమి పుట్టకముందే ఆరునెలల ముందు ఆదిజాంబవుడు పుట్టిండని చిందువాళ్ళు, డక్కలివాళ్ళు చెబుతారు. ఊరికి దూరంగా నెట్టబడ్డ పిల్లవానికి 'మనం అందరికన్నా ముందటివాళ్ళం' అనే మాట ఎంత బలమో వేరే చెప్పనక్కర్లేదు. కానీ అదే పురాణంలో ఆవు మాంసం వండిన తప్పు మన మీద మోపి, మన కిందిస్థాయికి అదే కారణమని చెప్పే భాగం కూడా ఉంది. మన నోట పలికిన కథలోకి కూడా పైవాళ్ళ తీర్పు జొరబడింది. మనదైనంత మాత్రాన ప్రతిదీ మనకు మేలు చేసేది కాదు. కథను దాచొద్దు, ఆ తీర్పును మాత్రం వేలుపెట్టి చూపించాలి.

ఇక అన్నిటికన్నా కష్టమైనది. పన్నెండు, పదమూడేండ్ల పిల్లలకు జోగిని గురించి చెప్పాలా? చెప్పాలి. తెలంగాణలో జోగిని, చిత్తూరు వైపు మాతమ్మ, అనంతపురం, కర్నూలు వైపు బసివి. పేర్లు వేరు, ఆడపిల్లను దేవతకు ఇచ్చి ఊరికి ఉమ్మడి చేసే పద్ధతి ఒకటే. అట్లా ఇవ్వబడ్డవాళ్ళు ఎక్కువగా దళిత ఆడపిల్లలే. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దేవదాసీ అంకితాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. మన సంస్కృతి, మన దేవత అని గర్వంగా మాట్లాడేటప్పుడు ఈ పేజీని చింపి దాచిపెట్టే అలవాటు మనలో ఉంది. అది మోసం. దేవత పేరుమీద పిల్లను ఇచ్చిన నమ్మకాన్ని ఏ పిల్లకూ వారసత్వంగా ఇవ్వకూడదు. గీత ఇక్కడ గీయాలి: పాట ఇవ్వొచ్చు, కథ ఇవ్వొచ్చు, కూర వండే తీరు ఇవ్వొచ్చు, పిల్లను మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు. మొక్కు పేరుతో ఒంటిని హింసించడం, పూనకం రావాలని పిల్లల మీద ఒత్తిడి తేవడం కూడా ఈ గీతకు అవతలి సంగతులే.

ఇంకో ప్రమాదం ఎదురుదిక్కు నుండి వస్తున్నది. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. మంచిదే. అయితే గౌరవంతో పాటు గోపురం వస్తున్నది, పూజారి వస్తున్నడు. వేపచెట్టు కింది రాయి మహంకాళి అవతారమైతున్నది. దేవత పెద్దదైతే డప్పు కొట్టేటోడు గుడికి ఇంకింత దూరమైతున్నడు. పిల్లలను జాతరకు తోలుకపోయినప్పుడు ఇది చూపించాలి. ఎవరి బోనం ముందు పోతున్నది, ఎవరిది వెనక పోతున్నది, డప్పు ఎవరు కొడుతున్నరు, గుళ్ళెకు ఎవరు పోతున్నరు అని లెక్క రాయమనాలి. ఇంతకన్నా మంచి సాంఘికశాస్త్రం పాఠం ఉండదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న బడిలోనయితే, మైనరు పిల్లలను సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధలోనో పూజలోనో కూర్చోబెట్టకూడదు. సరస్వతి పటం పక్కన పోచమ్మ పటం పెట్టమని మేము అడగడం లేదు. 'మీ ఇంట్లో పెద్దలను ఎట్లా తలుచుకుంటారు?' అని అడిగితే చాలు. పెత్తరమాస నాడు పెద్దలకు పెట్టుకునే పిల్ల, పీర్ల పండుగలో అలావు చుట్టూ ఆడే పిల్ల, ఆదివారం చర్చికి పోయే పిల్ల, బుద్ధవందన చేసే పిల్ల అందరూ ఒకే బెంచీమీద కూర్చొని జవాబు చెప్పగలగాలి. ఎవ్వరూ నవ్వకూడదు.

చివరగా హక్కు సంగతి. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 1989లో వచ్చింది, 1992లో భారతదేశం అందులో చేరింది. ఆలోచన, అంతరాత్మ, మతం విషయంలో పిల్లలకు స్వేచ్ఛ ఉందని, తల్లిదండ్రులు దారి చూపేది పిల్లల ఎదుగుతున్న శక్తికి తగ్గట్టు ఉండాలని దాని 14వ అధికరణం చెబుతుంది. మనం ఇచ్చేదాన్ని వద్దనే హక్కు కూడా పిల్లలదే. రేపు మా పిల్ల బోనం ఎత్తొచ్చు, ఎత్తకపోవచ్చు. నాస్తికురాలు కావొచ్చు, బౌద్ధురాలు కావొచ్చు. మేము కోరేది ఒక్కటే. ఆమె దేన్ని వదిలినా తెలిసి వదలాలి, సిగ్గుతో వదలకూడదు. 'పోచమ్మ ఎవరు?' అని ఎవరైనా అడిగితే తల దించుకోకుండా, 'మా అవ్వ మొక్కిన అమ్మ' అని మొదలుపెట్టి, మిగతాదంతా మంచీ చెడూ కలిపి చెప్పగలగాలి.