ఊరు కదల్లేదు.. అడ్రస్ మారింది!

కొత్తగూడెం నుంచి భద్రాచలం వెళ్తుంటే గోదావరి వంతెనకి ముందు సారపాక వస్తుంది. అది బూర్గంపాడు మండలం. 2014లో పోలవరం కోసం ఈ మండలాన్ని రెండు ముక్కలు చేశారు. సారపాక, ఇరవెండి సహా 12 రెవెన్యూ గ్రామాలు తెలంగాణలో ఉండిపోయాయి. మిగతావి ఆంధ్రప్రదేశ్‌కి వెళ్లి కుక్కునూరు మండలంలో కలిశాయి. 2016లో బూర్గంపాడు ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకి మారింది. 2022లో కుక్కునూరు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. ఊళ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి!

జాంగో ఓఆర్‌ఎం ప్రాక్టీసుకి నేను ఈ కథనే తీసుకున్నా. జిల్లా కింద మండలం, దాని కింద గ్రామం, గ్రామం కింద ఇళ్లు. మండలాన్ని అప్‌డేట్ చేయడానికి సింపుల్‌గా కోడ్ రాశా: పాత గ్రామాలన్నీ డిలీట్, కొత్త లిస్టు సేవ్. గ్రామాలు కరెక్టుగానే వచ్చాయి. ఇళ్ల టేబుల్ తెరిస్తే ఖాళీ! కాస్కేడ్ పెట్టడంతో ఊరితోపాటు ఇళ్లూ పోయాయి.

మరెలా చేయాలి? ఐడీ ఉన్న గ్రామాన్ని అప్‌డేట్ చేయాలి, లేనిదాన్ని క్రియేట్ చేయాలి. లిస్టులో లేదు కదాని డిలీట్ చేయొద్దు. అది పక్క మండలానికి వెళ్లి ఉండొచ్చు. అప్పుడు దాని మండలం ఐడీ ఒక్కటి మారిస్తే చాలు. ఇదంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి. మధ్యలో ఏది ఫెయిలైనా అంతా మొదటికి వచ్చేస్తుంది.

నాది ప్రాక్టీసు డేటా కాబట్టి బతికిపోయా. నిజం డేటా అయితే ఆ ఒక్కో వరుస వెనక ఒకరి రేషన్ కార్డో, పొలం పట్టానో ఉంటుంది.