క్యాట్ ఫ్లాప్ కొనేముందు మీ తలుపు చూడండి: మంథని ఇంట్లో ఆరు నెలల రివ్యూ

ఫోన్లు, ఇయర్‌బడ్స్, స్మార్ట్‌వాచ్‌ల మధ్యలో ఈసారి కొంచెం వెరైటీ గ్యాడ్జెట్. దీనికి స్క్రీన్ లేదు. యాప్ లేకున్నా నడుస్తుంది. కానీ లోపల ఆర్‌ఎఫ్‌ఐడీ రీడర్ ఉంది, దానంతట అదే పడి లేచే గడియ ఉంది, మెమరీ ఉంది. పేరు క్యాట్ ఫ్లాప్. తలుపు కింది భాగంలో బిగించే బుల్లి తలుపు అనుకోండి. పిల్లి తలతో తోసుకుని వస్తుంది, పోతుంది, వెనకాల అదే మూసుకుంటుంది.

"పిల్లికి తలుపెందుకు బ్రో, గోడ దూకి వస్తది కదా" అని మీకు అనిపించొచ్చు. మంథనిలో ఒకప్పుడు అంతే. గూనపెంకుల ఇళ్లలో పిల్లి ఏ సందు నుంచి వచ్చిందో ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు మా ఇల్లు స్లాబ్ అయింది. కిటికీలకు దోమల జాలి వచ్చింది, కోతుల భయానికి గ్రిల్స్ వచ్చాయి. పిల్లికి ఒక్క దారి కూడా మిగల్లేదు. మా పిల్లి మల్లి రోజుకు ఇరవై సార్లు వెనక తలుపు దగ్గర కూర్చుని అరుస్తుంది. తీస్తే గడప మీద నిలబడి ఆలోచిస్తుంది, పోదు. వేస్తే మళ్లీ అరుస్తుంది. పిల్లిని పెంచేవాళ్లకు ఇది వివరించక్కర్లేదు.

తలుపు తెరిచి పెట్టేస్తే పోయేది. కానీ మార్చిలో అట్లా తెరిచి ఉన్న తలుపులోంచే వీధిలో తిరిగే గండుపిల్లి వంటింట్లోకి వచ్చి, మల్లి గిన్నె ఖాళీ చేసి, దాని మెడ దగ్గర కరిచింది. పైకి చిన్న గాటే కనిపించింది. మూడో రోజుకు లోపల చీము పట్టి నిమ్మకాయంత గడ్డ అయింది. పిల్లి కాట్లు ఇట్లాగే ఉంటాయి. పళ్లు సూదుల్లా లోతుగా దిగుతాయి, పైన చర్మం తొందరగా మూసుకుంటుంది, సూక్ష్మజీవులు లోపలే ఉండిపోతాయి. కరీంనగర్‌లో ఒక పశువైద్యుడి దగ్గర చీము తీయించి, మందులు రాయించుకుని వచ్చాం. క్యాట్ ఫ్లాప్ కొనడం ఆ రోజే ఖాయమైంది.

ఎవరిని ఆపాలి?

ఫారిన్ రివ్యూలు చూస్తే యాప్ ఎట్లుంది, నోటిఫికేషన్ వస్తుందా అనే చర్చే ఎక్కువ. మన దగ్గర అసలు ప్రశ్న వేరే. ఆ తలుపులోంచి మీ పిల్లి కాకుండా ఇంకెవరు రావడానికి చూస్తారు? మా ఇంటికి సంబంధించి జవాబు: గండుపిల్లి, కోతులు, పందికొక్కులు, వానాకాలం రాత్రుల్లో పాములు. ఈ లిస్టును బట్టే మోడల్ తేలుతుంది.

మామూలు ఫ్లాప్‌లో కరెంటు లేదు, చిప్ లేదు. నాలుగు రకాలుగా తిప్పుకునే గడియ ఉంటుంది: రాకపోకలు రెండూ, లోపలికి మాత్రమే, బయటికి మాత్రమే, మొత్తం బంద్. చవక. కానీ తెరిచి ఉన్నంతసేపు అందరికీ తెరిచినట్టే. మా గండుపిల్లి దీన్ని ఒక్క పూటలో నేర్చుకుంటుంది.

మ్యాగ్నెట్ మోడల్‌లో పిల్లి మెడపట్టీకి అయస్కాంతం కడతారు, అది దగ్గరికి వస్తే గడియ లేస్తుంది. ఇక్కడ ఒక కామెడీ ఉంది. ఆ అయస్కాంతం మేకులు, గుండుసూదులు అన్నీ అంటించుకుని వస్తుంది. పైగా ఏ అయస్కాంతానికైనా ఆ గడియ లేస్తుంది. మెడపట్టీ కొమ్మకు తట్టుకుంటే పిల్లికి ఉరే, కాబట్టి కడితే లాగగానే ఊడిపోయే రకమే కట్టాలి. ఊడిపోతే తాళంచెవి పోయినట్టే.

మూడోది మైక్రోచిప్ మోడల్. బియ్యపు గింజంత గాజు గొట్టాన్ని పిల్లి భుజాల మధ్య చర్మం కింద సూదితో ఎక్కిస్తారు. అందులో బ్యాటరీ ఉండదు. రీడర్ పంపే రేడియో తరంగాల నుంచే శక్తి తీసుకుని తన 15 అంకెల నంబర్ చెబుతుంది. మొదటి మూడంకెలు దేశం కోడ్ (ఇండియాది 356) కావచ్చు, లేదా 9తో మొదలయ్యే తయారీదారు కోడ్ కావచ్చు. ఇది జీపీఎస్ కాదు. పిల్లి ఎక్కడుందో చెప్పదు. కొన్ని సెంటీమీటర్ల దూరంలోకి వస్తే ఎవరో మాత్రం చెబుతుంది.

"నా ఫోన్‌లో ఎన్‌ఎఫ్‌సీ ఉంది కదా, చదవదా?" అని మా తమ్ముడు మల్లి వీపు మీద ఫోన్ పెట్టి పావుగంట ట్రై చేశాడు. చదవదు. ఫోన్ ఎన్‌ఎఫ్‌సీ 13.56 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది, పెంపుడు జంతువుల చిప్ 134.2 కిలోహెర్ట్జ్‌లో. కారు అద్దం మీద ఫాస్టాగ్ ఇంకా పైన, 865 మెగాహెర్ట్జ్ దగ్గర. మూడూ ఆర్‌ఎఫ్‌ఐడీ కుటుంబమే, ఒకరి భాష ఒకరికి రాదు.

నేను తీసుకున్నది ష్యూర్‌ఫ్లాప్ మైక్రోచిప్ మోడల్. లండన్‌లో ఉండే మా అన్నయ్య సెలవులకు వస్తూ తెచ్చాడు. ఇక్కడికి తెప్పించుకుంటే అన్నీ కలిపి ఒక బడ్జెట్ ఫోన్ ధర పడుతుంది, తక్కువేం కాదు. ఇది 32 పిల్లుల నంబర్లు గుర్తుపెట్టుకుంటుంది (అన్ని పిల్లులుంటే మీకు ఫ్లాప్ కాదు, తలుపే తీసేయడం నయం). నాలుగు ఏఏ సెల్లులతో నడుస్తుంది. అంటే కరెంటు పోయినా, వైఫై పోయినా మల్లికి ఇబ్బంది లేదు. యాప్‌తో వచ్చే కనెక్ట్ మోడల్‌కి రౌటర్‌కు కేబుల్‌తో కలిపే హబ్ వేరే కావాలి. మల్లి మధ్యాహ్నం 2:14కి బయటికి పోయిందని నోటిఫికేషన్ వచ్చి నేనేం చేసుకోవాలి? వదిలేశాను.

ఒక్క విషయం చూసుకోండి. మామూలు మైక్రోచిప్ మోడల్ లోపలికి వచ్చేటప్పుడే చిప్ చదువుతుంది, బయటికి ఎవరైనా పోవచ్చు. ఇంట్లో రెండు పిల్లులుండి, ఒకదాన్ని బయటికి పోనివ్వొద్దంటే రెండువైపులా చదివే డ్యూయల్‌స్కాన్ కావాలి.

ఏ తలుపుకి?

ఇక్కడే మా ఇంట్లో యుద్ధం. స్లాబ్ వేసినప్పుడు పాత ఇంటి టేకు తలుపులు మాత్రం పారేయలేదు. మా తాత కాలంలో ఈ అడవుల టేకుతోనే చేయించినవి. వెనక తలుపు మీద పెన్సిల్‌తో గీత గీస్తుంటే అమ్మ చూసింది. "గా తలుపుకు బొక్క కొడ్తవారా? మీ తాత చేయిచ్చిన తలుపది. పిల్లి కోసం తలుపు కోస్తరా ఎవలన్న?" అంది. పిల్లి ఎదురొస్తే ఆగి, కూర్చుని, నీళ్లు తాగి బయల్దేరే మనిషి ఆమె. ఆ పిల్లికి ఇంటి తలుపులోనే దారి అంటే ఎట్లా ఒప్పుకుంటుంది?

నిజం చెప్పాలంటే టెక్నికల్‌గా కూడా అమ్మ మాటే కరెక్ట్. గోడకు పెడదామంటే పాత గోడ అడుగున్నర మందం, సొరంగంలా పొడిగింపులు కావాలి. ఇనుప తలుపుకి పెడదామంటే రీడర్ చుట్టూ ఉండే లోహం చిప్ సిగ్నల్‌ను దెబ్బతీస్తుంది. అందుకే లోహపు తలుపులకు అడాప్టర్ వేరే అమ్ముతారు, బొక్క ఇంకా పెద్దది కొట్టాలి. గాజు తలుపైతే 212 మిల్లీమీటర్ల గుండ్రటి కోత కావాలి, అది గాజు పనివాళ్లే చేయాలి. టఫెన్డ్ గాజును తర్వాత కోయలేరు, పగిలి పొడి అయిపోతుంది.

దారి చూపించింది మా వడ్లాయన. "టేకు తలుపు ఎందుకు సార్, దాని ముంగట జాలి తలుపు ఉన్నది కదా" అన్నాడు. ఆ మాటతో మొత్తం సెట్ అయిపోయింది. మా జాలి తలుపు పై భాగం దోమల జాలి, కింది భాగం ప్లైవుడ్ పలక. పగలు గాలి కోసం టేకు తలుపు తెరిచే ఉంటుంది, జాలి తలుపు మూసి ఉంటుంది, కాబట్టి ఫ్లాప్ పని చేసేది అప్పుడే. రాత్రి టేకు తలుపు వేసేస్తే ఫ్లాప్ ఉన్నా లేనట్టే. కట్లపాములు తిరిగేది రాత్రిళ్లే. చాపల మీద పడుకునే ఇంట్లో, ప్లాస్టిక్ రెక్కను నమ్ముకుని నిద్రపోవడం నాకు ఇష్టం లేదు. చిప్ లేనిదే గడియ లేవదు, ఒప్పుకుంటా. కానీ రెక్క చుట్టూ ఉండే సన్నటి సందుకు చిప్ ఏం చేస్తుంది? టేకు తలుపుకి ఆ సందు లేదు. రేపు మల్లి లేకపోయినా, మేం ఇల్లు మారినా, పోయేది ఒక ప్లైవుడ్ ముక్క.

అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు ఈ పాయింట్ నోట్ చేసుకోండి. పాత పలక దాచిపెట్టుకుని, ఖాళీ చేసేరోజు మళ్లీ బిగించేయొచ్చు.

బిగించడం

మొదట పిల్లిని కొలవాలి. పొట్ట నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో చూడండి, ఫ్లాప్ కింది అంచు సుమారు అక్కడికి రావాలి. ఒళ్లు అత్యంత వెడల్పుగా ఉన్నచోట కొలిచి, రెండు మూడు సెంటీమీటర్లు కలుపుకోండి. ఈ మోడల్‌లో పిల్లి దూరే దారి 142 మి.మీ. వెడల్పు, 120 మి.మీ. ఎత్తు. మల్లి లాంటి నాలుగు కిలోల పిల్లికి హాయిగా సరిపోతుంది. బాగా బలిసిన పోతుపిల్లికైతే పెద్ద సైజ్ చూడండి.

పాత పలక తీసేసి 12 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ వేయించాను. 2022 జూలై వరదల్లో మంథని ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు మామూలు ప్లైవుడ్ అప్పడంలా ఉబ్బడం మా వీధంతా చూసింది. చెక్క తలుపుకి కావాల్సిన కోత 165 మి.మీ. వెడల్పు, 171 మి.మీ. ఎత్తు. పలకను తలుపు నుంచి విప్పి, బల్ల మీద పెట్టి, నాలుగు మూలల్లో డ్రిల్‌తో రంధ్రాలు వేసి, జిగ్‌సాతో కోశాడు వడ్లాయన. ఇరవై నిమిషాల పని. దాని తర్వాత పనే ముఖ్యం: కోసిన అంచులకు ప్రైమర్ రెండు కోట్లు వేయండి. ప్లైవుడ్ నీళ్లు తాగేది అంచుల నుంచే. పలుచటి పలక ఫ్లాప్ బరువుకి వంగకుండా వెనక నాలుగు చెక్క పట్టీలు కొట్టించాను. వంగితే రెక్క ఫ్రేమ్‌కి రాసుకుంటుంది. స్క్రూలు బిగించేటప్పుడు బలం చూపించొద్దు, బాడీ ప్లాస్టిక్.

మా వెనక తలుపు తూర్పు వైపు, పైన రేకు నీడ ఉంది. మీది పడమర ఎండ నేరుగా పడే తలుపైతే ఆలోచించండి. మే నెలలో ఈ రామగుండం బెల్ట్‌లో 45 డిగ్రీలు మామూలే. ఎండలో ప్లాస్టిక్, సెల్లులు రెండూ నలుగుతాయి.

సెల్లులు ఆల్కలైన్‌వే వేయండి. రీచార్జబుల్ సెల్ 1.2 వోల్టులే ఇస్తుంది, నాలుగు కలిపితే 4.8. ఆల్కలైన్ నాలుగు కలిపితే 6. గోడగడియారంలో వేసే చవక సెల్లులు కారి కాంటాక్టులు తినేస్తాయి. ఆ తర్వాత మెమరీ బటన్ ఒకసారి నొక్కి, పిల్లిని దూరనివ్వాలి. మొదట కనిపించిన చిప్ నంబర్ సేవ్ అయిపోతుంది. అంతే సెటప్.

పిల్లికి సెటప్ మాత్రం మూడు వారాలు పట్టింది. మొదటి వారం రెక్కను టేపుతో పైకి కట్టేసి, అవతల ఎండుచేప ముక్క పెట్టాను. రెండో వారం రెక్క సగం దించాను. మూడో వారం గడియ "టిక్" మనగానే వెనక్కి ఉరికేది. పిల్లిని పట్టుకుని తోయొద్దు, ఒక్కసారి తోస్తే నెల రోజులు ఆ దిక్కు రాదు.

ఆరు నెలల తర్వాత

గండుపిల్లి విషయంలో పూర్తి మార్కులు. మొదటి వారం తలతో గుద్దింది, గోళ్లతో గీకింది, తర్వాత మానేసింది. ఫ్లాప్ మీద గీతలు ఉన్నాయి, మల్లి మీద లేవు.

కోతులు వేరే లెవెల్. పిల్లి తోస్తుంది, కోతి లాగుతుంది. గడియ లోపలికి తోసేవాళ్లను ఆపడానికి చేసినది. వేళ్లున్న జంతువు రెక్క అంచు పట్టి బయటికి లాగితే అది వేరే పరీక్ష. ఒకసారి ఓ పిల్లకోతి చెయ్యి లోపలికి పెట్టి తడమడం నేనే చూశాను. అందుకని పలక లోపలివైపు పక్కకు జరిపే చెక్క మూత ఒకటి చేయించాను, నూరు రూపాయల పని. కోతుల గుంపు చప్పుడు వినపడగానే అమ్మే వెళ్లి జరిపేస్తుంది. మొత్తం సిస్టంలో ఆమెకు నచ్చిన పార్ట్ అదొక్కటే.

ఇక, పిల్లి నోట్లో ఏం తెస్తుందో ఈ ఫ్లాప్ చూడదు. బల్లి, ఎలుక, ఒకసారి బతికే ఉన్న తొండ వచ్చాయి. దీనికీ టెక్ ఉంది. 2019లో బెన్ హామ్ అనే అమెజాన్ ఉద్యోగి, తన పిల్లి మెట్రిక్ ఫొటోలతో మెషిన్ లెర్నింగ్ మోడల్‌ను ట్రెయిన్ చేసి, నోట్లో ఎర ఉంటే ఫ్లాప్ కాసేపు లాక్ అయ్యేలా చేశాడు. ఇప్పుడు కెమెరాతో అలాంటి ఫ్లాప్‌లు కంపెనీలే తెస్తున్నాయి. రాస్‌బెర్రీ పై ఇంట్లో ఖాళీగా పడి ఉన్నవాళ్లకు మంచి ప్రాజెక్ట్.

కొనాలా? మీ పిల్లి ఒక్కటే, వీధిలో వేరే పిల్లులు లేవు అంటే మామూలు ఫ్లాప్ చాలు, డబ్బులు దండగ చేయొద్దు. వేరే పిల్లుల గొడవ ఉంటే మైక్రోచిప్ తప్ప మిగతావి చూడకండి. వీధి కుక్కలు ఎక్కువున్నచోట, రోడ్డు పక్క ఇంట్లో అయితే ఫ్లాపే వద్దు, పిల్లిని లోపలే ఉంచి రెండు ఇసుక ట్రేలు పెట్టండి. ఏది కొన్నా, బయట తిరిగే పిల్లికి రేబిస్ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ రెండూ ఫ్లాప్ కన్నా ముందు చేయించండి. పిల్లి కట్టు రెండు నెలలే. చిప్ ఎక్కించడం ఆపరేషన్ రోజే పెట్టుకుంటే ఒక ప్రయాణం మిగులుతుంది. మేం అట్లాగే చేశాం. ఇంటికొచ్చి ఆ 15 అంకెల స్టిక్కర్‌ను ఫొటో తీసి, గ్యాస్ బుక్‌లో కూడా అంటించాను, ఫోన్ పోయినా నంబర్ దొరకాలి కదా.