మీకు తెలుసా? పాత రాక్ పాటను పాడు చేయడానికి ఎన్ని దారులో!

పాత రాక్ ఆల్బమ్ మళ్లీ బజారులోకి వచ్చిందంటే అట్ట మీద ఒక స్టిక్కరు ఖాయం. ‘రీమాస్టర్డ్’ అనో, ‘180 గ్రాముల వినైల్’ అనో, ‘యాభయ్యేళ్ల ప్రత్యేక ముద్రణ’ అనో ఉంటుంది. ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. ఇంటికి తెచ్చి ముల్లు పెట్టాక గానీ బండారం బయటపడదు: పైన పటారం, లోన లొటారం. అమెరికాలో 2022లో వినైల్ ప్లేట్లు సీడీలను మించి అమ్ముడుపోయాయి. ప్లేట్లు 4 కోట్ల 10 లక్షలు, సీడీలు 3 కోట్ల 30 లక్షలు. 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. గిరాకీ పెరిగినకొద్దీ కొన్నవాళ్ల తిట్లూ పెరిగాయి. రికార్డులు పోగేసేవాళ్లది ఒట్టి చాదస్తమని కొట్టిపారేసేముందు ఈ సంగతులు చూడండి.

పాట అదే, వాయించినవాళ్లే మారిపోయారు

ఓజీ ఆజ్‌బర్న్ తొలి రెండు సోలో ఆల్బమ్‌లు ‘బ్లిజార్డ్ ఆఫ్ ఆజ్’, ‘డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మ్యాన్’. 1980, 81 నాటివి. 2002లో వీటి సీడీలు మళ్లీ వేసినప్పుడు పాత శ్రోతలకు డ్రమ్స్ ఏదో తేడాగా వినిపించాయి. అది చెవి దోషం కాదు. అసలు రికార్డింగులో బాస్ వాయించిన బాబ్ డెయిస్లీ, డ్రమ్స్ వాయించిన లీ కెర్స్‌లేక్ రాయల్టీల కోసం కోర్టుకెక్కారు. దాంతో వాళ్లు వాయించిన భాగాలను తీసేసి, రాబర్ట్ ట్రుహీయో, మైక్ బోర్డిన్‌లతో కొత్తగా వాయించి అతికించారు. గిటార్ మాత్రం ర్యాండీ రోడ్స్‌దే ఉంచారు. ఆయన 1982లోనే విమాన ప్రమాదంలో చనిపోయాడు. పోయిన ఇరవై ఏళ్లకు, ఆ పాటల్లో తన పక్కన ఎన్నడూ లేని ఇద్దరితో ఆయన చేత జోడీ కట్టించారన్నమాట. 2011 ముద్రణలో అసలు వాద్యాలు తిరిగొచ్చాయి. 2002కూ 2011కూ మధ్య ఆ ఆల్బమ్‌లను మొదటిసారి కొన్న కుర్రాళ్లకు మాత్రం ఆ అతుకుల సీడీయే అసలు సరుకు.

ఇది ఒక్కరి కథ కాదు. ‘ఎలిమినేటర్’ (1983) బ్రహ్మాండంగా అమ్ముడయ్యాక జీజీ టాప్ బృందం పాత ఆల్బమ్‌లను 1987లో ‘సిక్స్ ప్యాక్’ పేరుతో సీడీల మీదికి తెచ్చారు. తెచ్చేముందు 1970ల నాటి ఆ బ్లూస్ పాటలకు 80ల నాటి డ్రమ్ముల మోత, ప్రతిధ్వని పట్టించారు. వాటిలో ‘ట్రెస్ ఓంబ్రెస్’ అసలు మిక్స్ సీడీ మీద వినడానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది. ఫ్రాంక్ జాపా అయితే తన సొంత ఆల్బమ్ మీదే చెయ్యి చేసుకున్నాడు. 1968 నాటి ‘వియ్ ఆర్ ఓన్లీ ఇన్ ఇట్ ఫర్ ద మనీ’కి 80లలో బాస్, డ్రమ్స్ కొత్తగా వాయింపించి సీడీ వేశాడు. అభిమానులు గోల పెట్టారు. 1995లో పాతది తిరిగొచ్చింది. కంపెనీ చేస్తే తిట్టొచ్చు. కట్టినవాడే వచ్చి గోడ పడగొడతానంటే ఎవరితో మొరపెట్టుకోవాలి?

సీడీకి తప్పుడు టేపు

1982 చివర్లో సీడీ బజారులోకి వచ్చినప్పుడు కంపెనీలకు తొందర ఎక్కువ, ఓపిక తక్కువ. గోదాములో చేతికందిన టేపుతో పని కానిచ్చేశారు. చాలాసార్లు అది అసలు మాస్టర్ కాదు, ఎల్పీ గాడి కోయడానికి తయారుచేసుకున్న నకలు. ఎల్పీ గాడిలో మంద్రం ఎక్కువైతే ముల్లు గెంతుతుంది. అందుకని ఆ నకలులో మంద్రాన్ని ముందే కత్తిరించి ఉంచేవారు. సీడీకి ఆ బాధ లేదు. అయినా కత్తిరించిన టేపునే ఎక్కించారు. ‘సీడీ శబ్దం పీలగా ఉంటుంది’ అన్న అపవాదులో సగం పాపం ఆ టేపులదే.

దీనికి తిరకాసు కూడా ఉంది: తొలి సీడీలన్నిటినీ తోసిపుచ్చడానికి లేదు. జపాన్‌లో తోషిబా-ఈఎంఐ 1983లో బీటిల్స్ ‘అబీ రోడ్’ను సీడీగా విడుదల చేసి, అనుమతుల గొడవతో వెనక్కి తీసుకుంది. బీటిల్స్ సీడీలు అధికారికంగా వచ్చింది 1987లో. ఆ జపాన్ డిస్కు కోసం ఇవాళ్టికీ వెతుకుతున్నారు. అందులో ఒక మెలిక: తారస్థాయిని కావాలనే పెంచి డిస్కులో నింపారు, సీడీ ప్లేయర్ దాన్ని తిరిగి తగ్గించాలి. కంప్యూటర్లోకి కాపీ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ సంగతి పట్టించుకోకపోతే పాట కీచుమంటుంది. అంత డబ్బు పోసి కొన్నాక ‘ఇదేంటి, తగరపు డబ్బా మోతలా ఉంది’ అని నెత్తి కొట్టుకున్నవాళ్లున్నారు.

అన్నీ అరుపులే

ఒకే పాట రెండు సీడీలను, 1980ల నాటి ముద్రణనూ 2000 దాటాక వచ్చిన రీమాస్టర్‌నూ, కంప్యూటర్ తెర మీద పక్కపక్కన గీతలుగా చూడండి. పాతదానిలో డ్రమ్ దెబ్బ పడినచోటల్లా గీత పైకి లేచి, మధ్యలో మళ్లీ సన్నబడుతుంది. చాలా రీమాస్టర్లలో ఆ ఎత్తుపల్లాలే ఉండవు. మొదటి నుంచి చివరిదాకా ఒకే లావు పట్టీ, పైనా కిందా కత్తెరతో కత్తిరించినట్టు చదును. డిజిటల్లో ఒక హద్దు దాటి శబ్దం పెంచడానికి లేదు. అందుకని పెద్ద శబ్దాలను నొక్కేసి, చిన్నవాటిని లేపి, మొత్తాన్ని హద్దు దాకా ఎక్కిస్తారు. దుకాణంలో పది సెకన్లు వింటే అదే బాగున్నట్టు అనిపిస్తుంది. ముప్పావుగంట వింటే తలనొప్పి. జాతరలో మైకు పక్కన నిలబడి హరికథ విన్నట్టే ఉంటుంది: ప్రతి అక్షరం వినిపిస్తుంది, కథ మాత్రం ఎక్కదు.

రాక్ చరిత్రలో దీనికి పేరుమోసిన ఉదాహరణ ‘రా పవర్’. 1973లో వచ్చిన ఆ ఆల్బమ్‌ను మిక్స్ చేసింది డేవిడ్ బోవీ. శబ్దం పలచగా ఉందని అప్పుడే విమర్శలు. 1997లో ఆ ఆల్బమ్ గాయకుడు ఇగ్గీ పాప్ తానే కూర్చుని మళ్లీ మిక్స్ చేశాడు, సూచీలన్నీ ఎర్ర గీత దాటించి మరీ. రాక్ సీడీల్లో ఇంతకంటే బిగ్గరైనది లేదనిపించుకుంది. 2010లో బోవీ మిక్స్ మళ్లీ వేయక తప్పలేదు. ఏది మేలో ఇప్పటికీ అభిమానుల్లో రెండు వర్గాలు. నా ఓటు బోవీకే, పలచనైనా సరే.

లేని స్టీరియో

1960లలో స్టీరియో మోజు మొదలయ్యాక మోనో రికార్డులు అమ్ముడుపోవేమోనని అమెరికన్ కంపెనీలకు బెంగ పట్టుకుంది. ఒకే మోనో శబ్దాన్ని రెండు పాయలు చేసి, ఒకవైపు మంద్రం, మరోవైపు తారం పెంచి, ఒకదాన్ని లిప్తపాటు ఆలస్యం చేసి ‘స్టీరియో’ అని అట్ట మీద అచ్చేశారు. క్యాపిటల్ సంస్థ దీనికి ‘డ్యుయోఫోనిక్’ అని గంభీరమైన పేరు కూడా పెట్టింది. బీచ్ బాయ్స్ ‘పెట్ సౌండ్స్’కు (1966) ఈ గతే పట్టింది. ఆ బృందం సారథి బ్రయాన్ విల్సన్‌కు కుడి చెవి దాదాపు వినపడేది కాదు, ఆయన దాన్ని మోనోగానే ఊహించి మోనోగానే చేశాడు. నిజమైన స్టీరియో మిక్స్ బయటికి వచ్చింది 1997లో.

బెజ్జం పక్కకు జరిగితే

ఇది ఏ టేపుతోనూ సంబంధం లేని తప్పు, అచ్చంగా ఫ్యాక్టరీది. ప్లేటు మధ్య బెజ్జం అర మిల్లీమీటరు పక్కకు పడిందనుకోండి. ప్లేటు తిరుగుతుంటే ముల్లున్న చెయ్యి ఉయ్యాలలా లోపలికీ బయటికీ ఊగుతుంది. లోపలి గాడుల దగ్గర, కేంద్రం నుంచి ఆరు సెంటీమీటర్ల దూరంలో, ఆ అర మిల్లీమీటరుకే స్వరం అటూ ఇటూ 0.8 శాతం జారుతుంది. ఒక స్వరస్థానం నుంచి పక్కదానికి తేడా సుమారు 6 శాతం. చిన్నదే అనిపిస్తుంది గానీ, ప్రతి 1.8 సెకన్లకోసారి జారే పియానో స్వరాన్ని ఒకసారి పట్టుకున్న చెవి ఇక పాట వినదు, ఆ జారుడే వింటుంది. జపాన్ సంస్థ నకమిచి 1980ల మొదట్లో ‘టీఎక్స్-1000’ అనే టర్న్‌టేబుల్ చేసింది. అది ముందు ప్లేటు అసలు కేంద్రం ఎక్కడుందో కొలిచి, పళ్లేన్నే జరిపి సరిచేసుకుంటుంది. ఫ్యాక్టరీవాళ్లు బెజ్జం సరిగ్గా కొట్టి ఉంటే అంత ఖరీదైన యంత్రంతో పనేముంది!

‘180 గ్రాములు’ అన్న స్టిక్కరుకు ఇక్కడ విలువ సున్నా. బరువు ప్లేటును గట్టిగా ఉంచుతుందేమో గానీ బెజ్జాన్ని మధ్యలో ఉంచదు, టేపును మెరుగుపరచదు. అలాగని పలచన మంచిదనీ కాదు. 1969 ప్రాంతంలో ఆర్‌సీఏ ‘డైనాఫ్లెక్స్’ పేరుతో చేత్తో వంచితే వంగే ప్లేట్లు వేసింది. కొన్నవాళ్లు వాటికి ‘డైనావార్ప్’ అని పేరు మార్చేశారు. 1973లో చమురు సంక్షోభం వచ్చింది. చమురు నుంచే వినైల్ కాబట్టి, పాత ప్లేట్లను కరిగించి పోసిన సరుకూ బజారులోకి వచ్చింది. చిటపటలు ఉచితం.

లోపలి అంచున రెండక్షరాలు

పాటలు అయిపోయాక లేబుల్‌కు ముందు మిగిలే నున్నటి పట్టీ మీద, దీపం కింద వంచి చూస్తే, చేత్తో గీకిన గుర్తులు కనిపిస్తాయి. లెడ్ జెపెలిన్ ‘టూ’ (1969) తొలి అమెరికన్ ప్రతుల్లో అక్కడ ‘ఆర్ ఎల్’ అని ఉంటుంది. గాడి కోసిన రాబర్ట్ లడ్విగ్ పొడి అక్షరాలవి. ఆయన మంద్రాన్ని దాచుకోకుండా కోశాడు. చవక ప్లేయర్ల మీద ముల్లు గెంతడంతో కంపెనీ దాన్ని మెత్తగా మళ్లీ కోయించింది. ఇప్పుడు ఆ తొలి కోత ప్రతులు వందల డాలర్లు పలుకుతున్నాయి. లండన్‌లో జార్జ్ పెక్హమ్ అయితే తాను కోసిన ప్లేట్ల మీద ‘ఎ పోర్కీ ప్రైమ్ కట్’ అని సంతకం గీకేవాడు. అనుభవమున్నవాళ్లు అట్ట మీది స్టిక్కరు చదవరు, ముందు ఇక్కడ చూస్తారు.

సీడీకీ చిలుము పడుతుంది

‘ఎప్పటికీ చెక్కుచెదరని నాదం’ అని ప్రచారం చేసిన సీడీ కొన్నిచోట్ల పదేళ్లు కూడా నిలవలేదు. ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్‌లో పీడీఓ సంస్థ ఫ్యాక్టరీ 1988 నుంచి 1993 దాకా వేసిన కొన్ని సీడీల రక్షణ పూత నాసిరకం. కవరు కాగితంలోని గంధకం ఆ పూతను దాటుకుని లోహపు పొరను తినేసింది. అంచు నుంచి రాగి రంగు లోపలికి పాకి, మొదట పోయేవి చివరి పాటలు. తప్పు ఒప్పుకున్న ఆ సంస్థ చెడిన డిస్కులను మార్చి ఇచ్చింది కూడా.

వంద ప్రతుల ఆల్బమ్

ఐరోపాలో రికార్డింగు మీద హక్కు ఒకప్పుడు 50 ఏళ్లే. 2013 నుంచి దాన్ని 70కి పెంచారు గానీ, 1962 దాకా విడుదలైనవాటి గడువు అప్పటికే తీరిపోయింది. ఎల్విస్, చక్ బెర్రీ, బడీ హోలీల 1950ల పాటలు ఎవరైనా అచ్చేసుకోవచ్చు. దాంతో అసలు టేపు మొహం చూడని కంపెనీలు ఎవరిదో సీడీ నుంచి ఎత్తుకుని వినైల్ వేసేస్తున్నాయి. కొత్త చట్టంలో మరో మెలిక: 50 ఏళ్లలోపు ఒక్కసారైనా విడుదల చేయని రికార్డింగు మీద హక్కు పోతుంది. అందుకే 2012 చివర్లో సోనీ సంస్థ బాబ్ డిలన్ 1962 నాటి పాటలను మామూలు సీడీ-ఆర్‌ల మీద, అట్టహాసమేదీ లేని అట్టలో, సుమారు వంద ప్రతులు వేసి చేతులు దులుపుకుంది. పాట కోసం కాదు, హక్కు కోసం.

మన దేశంలో ఈ గడువు 60 ఏళ్లు. ఘంటసాల పాడిన 1950ల సినిమా పాటల రికార్డింగులు ఆ గీత దాటేశాయి. సాహిత్యానికి, బాణీకి మాత్రం లెక్క వేరు.

చెవులను నమ్మవచ్చా?

రికార్డులు పోగేసేవాళ్లను కూడా ఒక మాట అనాల్సిందే. కాలిఫోర్నియాకు చెందిన మొబైల్ ఫిడెలిటీ సంస్థ అట్టల మీద ‘అసలు మాస్టర్ రికార్డింగు’ అని పట్టీ వేసి ఖరీదైన ఎల్పీలు అమ్మేది. డిజిటల్ తగలకుండా టేపు నుంచి నేరుగా గాడిలోకి వచ్చిన శబ్దమని కొన్నవాళ్ల నమ్మకం. 2022లో అసలు సంగతి బయటపడింది: 2011 నుంచే చాలా ఎల్పీలకు టేపును ముందు డిజిటల్లోకి తీసుకుని, అక్కడి నుంచి కోస్తున్నారు. గొడవ కోర్టుకెక్కి 2.5 కోట్ల డాలర్ల ఒప్పందంతో ముగిసింది. కంపెనీ నోరు మూసుకుని ఉండటం తప్పే. కానీ ‘డిజిటల్ వాసన గిట్టదు’ అనే పెద్ద పెద్ద చెవులు పదకొండేళ్లపాటు ఆ ప్లేట్లనే ఆకాశానికెత్తాయి!

ఇంకో తమాషా. బ్రిటన్‌లో 78 వేగపు లక్క ప్లేట్ల కాలం తీరిపోయాక కూడా కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఫ్యాక్టరీ 1960ల నడిమి దాకా బీటిల్స్ పాటలను వాటి మీద అచ్చొత్తింది. కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్ల ఇళ్లు మన దగ్గర ఇంకా ఎక్కువే మరి. శబ్దంలో బరబర ఖాయం. అయినా ఇవాళ ప్రపంచవ్యాప్తంగా బీటిల్స్ పిచ్చివాళ్లు వెతికేవాటిలో అవి ముందువరుసలో ఉంటాయి.

ఇక జెత్రో టల్ ‘ఆక్వాలంగ్’ (1971) సంగతి తలకిందులు. మొదటి నుంచీ దాని శబ్దం మసకే, దానికి తొలి ముద్రణ కోసం తపించి లాభం లేదు. 2011లో స్టీవెన్ విల్సన్ అసలు మల్టీట్రాక్ టేపుల దాకా వెళ్లి మళ్లీ మిక్స్ చేశాడు. ఎవరి వాద్యమూ తీసెయ్యలేదు, ఎర్ర గీత దాటించలేదు. ఆ ఒక్క ఆల్బమ్ విషయంలో కొత్తదే కొనుక్కోండి.